కనిపెట్టుకుని ఉండటం

నిన్న మధ్యాహ్నం డ్యూటీ రూము తలుపు తియ్యగానే గుప్పున మామిడిపండ్ల వాసన కొట్టింది. డిశ్చార్జి అయి వెళ్తున్న పేషెంటు తాలూకువాళ్ళు అట్టపెట్టెడు చిన్న రసాలు ఇచ్చి వెళ్ళారట. ముందు ఎండుగడ్డి వాసన, దాని వెనక సొన వాసన, ఆ వెనకగా అసలు పండు వాసన. మా నర్సు అమ్మాయిలంతా సింకు చుట్టూ చేరి, పండు మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, మోచేతుల దాకా రసం కారుతుంటే జుర్రుకుంటున్నారు. బయట ఐసీయూలో మానిటర్లు దేని మానాన అది కూస్తున్నాయి. వరండాలో ఎవరో ఫోన్లో అరుస్తున్నారు. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు. ఎక్కడి కాయలే అని అడిగితే, రెడ్డిగూడెం అంట మేడం, తీసుకోండి అంటూ ఒకమ్మాయి పండు నా చేతిలో పెట్టబోయింది. నాకు షుగరని చెప్పి తప్పించుకున్నాను. నాకు షుగరు లేదు. ఆ ఊరి పండు నాకు గొంతు దిగదు, అంతే.

రెడ్డిగూడెం అంటే నాకు సలోమి సిస్టర్. మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఫోటో పడ్డ మనిషి కాదు, సన్మానాలు చేయించుకున్న మనిషీ కాదు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. పొట్టిగా, నల్లగా, చెవులకి చిన్న కమ్మలతో, ఎప్పుడూ అప్పుడే ఉతికి ఆరేసినట్టుండేది. ఊళ్ళో తమ్ముడి ఇంట్లో ఆవిడకో గది ఉండేది, సెలవు దొరికితే బస్సెక్కి అక్కడికి పోయేది. ఇంత గోలలో ఉంటూ లోపల నిశ్శబ్దంగా ఉండటం ఎలాగో ఆవిడ నాకు నేర్పింది. నేను సగమే నేర్చుకున్నాను. మొత్తం వచ్చేసిందనుకున్నాను. ఆ సగం చదువు ఆవిడ చివరి సాయంత్రం మీద పడింది. అది చెబుదామనే ఇప్పుడు కూర్చున్నాను.

మాది ముసునూరు. మా నాన్న మామిడితోటలకి కాపలా ఉండేవాడు. అమ్మ కోతలకీ నాట్లకీ వెళ్ళేది. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. అందులో నాది మరీను. మా నాయనమ్మ నన్ను వసపిట్ట అనేది. నర్సింగు పూర్తిచేసి ఆ ఆసుపత్రిలో చేరినప్పుడు నోరూ కాళ్ళూ రెండూ ఆగేవి కావు. ఎంత పరిగెడితే అంత మంచి నర్సునని నా నమ్మకం. చేరిన కొత్తలోనే హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ ఆటోని గుద్దేసిందని ఒకేసారి బోలెడుమందిని మోసుకొచ్చారు. నేను ఈ మంచం నుంచి ఆ మంచానికి ఎగురుతున్నాను. అరుస్తున్నాను, ఎవరి మీద అరుస్తున్నానో నాకే తెలియదు. అంత హడావుడిలో మా హెడ్ నర్సు ఒక పేషెంటుని చూసి, కుళాయి దగ్గరికి వెళ్ళి, నిదానంగా చేతులు కడుక్కుని, ఇంకో పేషెంటు దగ్గరికి వస్తోంది. మళ్ళీ కుళాయి. ఇక్కడ ప్రాణాలు పోతుంటే ఈవిడకి మడి కావలసివచ్చిందా అనుకున్నాను. ఆ సాయంత్రం అంతా సద్దుమణిగాక ఎవరి మంచం దగ్గర ఏం జరిగిందో ఆవిడ ఒక్కొక్కటీ చెప్పింది. నాకు నేను చూసిన మనిషి మొహం ఒక్కటీ గుర్తులేదు.

ఆవిడ నన్ను తిట్టలేదు. నా చెయ్యి తీసుకుని తన మణికట్టు మీద పెట్టి నాడి చూడమంది. నాకు దొరకలేదు, నా వేళ్ళలో నా నాడే కొట్టుకుంటోంది. కాళ్ళు ఆగితే చాలదమ్మా, లోపల కూడా ఆగాలి, అప్పుడే అవతలివాళ్ళది తెలుస్తుంది అంది. అలా ఆగడం ఎలాగని అడిగాను. కుళాయి చూపించింది. చేతులు తడుస్తున్నంతసేపూ ఎవరూ నిన్ను పిలవరు, అదే నీ గుడి అనుకో అంది. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మరి అప్పుడు మీరేం చేస్తారండీ?"

"కనిపెడతాను."

"అయితే ఇంతవరకూ ఏం కనిపెట్టారండీ?"

నేను వెటకారమాడలేదు. కనిపెట్టడం అంటే బల్బు కనిపెట్టడం, మందు కనిపెట్టడం అని మాత్రమే బడిలో చదువుకున్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "మీ నాన్న తోటలో ఏం చేస్తాడమ్మా?" అని అడిగింది.

"తోటని కనిపెట్టుకుని ఉంటాడండీ."

"నేనూ అంతే."

వాళ్ళ చర్చిలో దేవుడి ముందు ఏమీ అడగకుండా, ఏమీ చెప్పకుండా, ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండటాన్ని కనిపెట్టడం అంటారట. పేషెంటుని కనిపెట్టుకుని ఉండు అని డాక్టరు మాకు చెప్పేదీ అదే మాట. మా నాన్నదీ అదే మాట. మూడూ ఒకటే పని అంది. మా దేవుడు వేరు కదండీ అన్నాను నేను, ఏదో పట్టేసినట్టు. నేను నీ దేవుణ్ణి మార్చుకోమన్నానా, నీ వేంకటేశ్వరస్వామి ముందే ఉండు, ఉండటమంటూ నేర్చుకో అంది. అలా నేను కుళాయి దగ్గర ప్రార్థన మొదలుపెట్టాను. మొదట్లో నీళ్ళ బిల్లు పెరగడం తప్ప ఏమీ జరగలేదు. పోనుపోను, చేతుల మీద నీళ్ళు పడుతుండగా ఎప్పుడైనా ఒక్కసారి లోపల గోల ఆగేది. ఆగిందని గమనించేలోపే మళ్ళీ మొదలయ్యేది. ఆ కాస్తకే నాకు ఎంత బలం వచ్చేదో చెప్పలేను.

శనివారాలు కుదిరినప్పుడు ఇద్దరం ఒకే బస్సులో ఊళ్ళకి బయల్దేరేవాళ్ళం. నూజివీడు దాకా కలిసి ప్రయాణం. ఆ బస్సులో పాటలు పెడితే సీట్లు అదిరేవి. కండక్టరు చిల్లర కోసం పోట్లాట, వెనక సీట్లో కోళ్ళ బుట్ట, ఎవరో ఒకరి బిడ్డ ఏడుపు. నేను ఆసుపత్రి నుంచి దూది తెచ్చుకుని చెవుల్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని, పద్మాసనం ఒక్కటే తక్కువగా కూర్చునేదాన్ని. సలోమి సిస్టర్ మాత్రం కళ్ళు తెరుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఏడ్చే బిడ్డని తీసుకుని ఒళ్ళో వేసుకునేది. ప్రార్థన చేసుకోరా, కళ్ళు మూసుకోరేంటండీ అని అడిగితే, మూసుకుంటే పర్సు పోద్ది అనేది. "ఆ దూది తీసెయ్యమ్మా. నీ స్టాపొచ్చిందని కండక్టరు అరిచినా నీకు వినపడదు" అంది ఒకసారి. నేను నవ్వాను. ఆవిడ మాటల్లో సగం హాస్యమేనని అనుకునేదాన్ని.

ఒకసారి సిస్టర్ మా ఊరొచ్చింది. అప్పుడు పిందెలు కాయలవుతున్న రోజులు. నాన్న తోటలో రేకుడబ్బా వాయిస్తూ, చిలకల్ని నోటికొచ్చిన బూతులు తిడుతూ తిరుగుతున్నాడు. పెద్దమనిషిని తీసుకొస్తే ఈయన బూతులేంటని నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మంచం మీద కూర్చుని ఆయన్నే చాలాసేపు చూసింది. మీ నాన్న ఎంత గోల చేస్తున్నాడో చూడు, చూపు మాత్రం కాయ మీంచి కదలట్లేదు అంది. అదీ హాస్యమే అనుకున్నాను. నా అంత తెలివైన దద్దమ్మ ఆ చుట్టుపక్కల తోటల్లో ఇంకొకతె ఉండి ఉండదు.

నాకు పెళ్ళయింది, పాప పుట్టింది, వేరే ఆసుపత్రికి మారి ఐసీయూలో చేరాను. విజయవాడలో రైలు పట్టాల పక్కన ఒక ఫ్లాటులో కాపురం. సిస్టర్ రిటైరై ఊరెళ్ళిపోయింది. పక్కన ఆవిడ లేకపోయేసరికి నా సాధన బాగా పెరిగిందని నేననుకున్నాను. దేవుడి అల్మరా ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. నేను కూర్చుంటే టీవీ ఆగాలి, మిక్సీ ఆగాలి, పాప పాఠాలు పైకి చదవకూడదు. పాలవాడు బెల్లు కొట్టినా కస్సుమనేదాన్ని. మా ఆయన ఓపికున్న మనిషి. ఆయన కూడా ఒకరోజు, "నువ్వు కూర్చుంటే ఇంట్లో ఎవరో పోయినట్టుంటోంది పద్మా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఈ ఊళ్ళో మనిషికి ప్రశాంతత లేదండీ, గోడ అవతలే రైళ్ళు అని సిస్టరుకి ఫోన్లో మొరపెట్టుకున్నాను. ఇక్కడ మాత్రం ఏముందమ్మా, ట్రాక్టర్లు అని నవ్వింది. అంతకంటే ఆవిడ నాకేమీ చెప్పలేదు. అడగందే చెప్పే అలవాటు ఆవిడకి లేదు. నాకేమో అడిగే అలవాటు ఎప్పుడో పోయింది. ఫోన్లు కూడా తగ్గిపోయాయి. గొడవేం జరగలేదు. డ్యూటీలు, పాప చదువు, ఏదో ఒకటి. వచ్చే సెలవుకి వెళ్దాం అని ప్రతి సెలవుకీ అనుకోవడమే.

ఆవిడ కిడ్నీలు పాడయ్యాయని నాకు ఆలస్యంగా తెలిసింది. డయాలసిస్ కొన్నాళ్ళు చేయించుకుని, ఇక చాలని తనే మానేసిందట. ఏం జరుగుతుందో నర్సుకి ఒకరు చెప్పాలా? ఆవిడ తమ్ముడు యోహానుగారు ఫోన్ చేసి, అక్క మిమ్మల్ని చూడాలంటోందండీ, వీలైతే రండి అన్నాడు. మర్నాడే బయల్దేరాను. కోతల కాలం. నూజివీడు దాటిందగ్గర్నుంచీ రోడ్డు పొడుగునా కాయల ట్రాక్టర్లు. వెళ్ళేసరికి ఆవిడ ముందుగదిలో మంచం మీద ఉంది. మొహం ఉబ్బింది. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, వచ్చావా అంది. ఆవిడ చెయ్యి పట్టుకోగానే నాకర్థమైంది, ఎక్కువ సమయం లేదని. వెళ్ళిపోయే లోపల ఈవిడకి నేను చెయ్యగలిగింది ఏదైనా ఒక్కటి చెయ్యాలి అని గట్టిగా అనుకున్నాను.

పొద్దు వాలాక కోతలు ముగించుకుని తోటల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. రోజూ వస్తారట. చీరల మీద సొన మరకలు, చేతుల్లో టిఫిన్ క్యారేజీలు. వందనాలండీ అని నాకో దణ్ణం పెట్టి, మంచం చుట్టూ కింద కూర్చున్నారు. మరియమ్మ అనే పెద్దావిడ దగ్గర కంజిర ఉంది. పాట ఎత్తుకున్నారు. చిన్న గది, రేకుల కప్పు. కంజిర మోత, చప్పట్లు, పదిమంది గొంతులు. పాటకీ పాటకీ మధ్య అందరూ ఒకేసారి పైకి ప్రార్థన చేస్తున్నారు, ఒకరికొకరు పోటీగా, ఏడుస్తూ. నాకు తల పగిలిపోతోంది. సిస్టర్ వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. కనుబొమలు ముడిపడ్డాయి. దుప్పటి మీద వేళ్ళు అదేపనిగా కదులుతున్నాయి. చివరి దశలో ఉన్నవాళ్ళు అలా దుప్పటి పీకుతూ ఉంటారు. ఐసీయూలో ఎంతమందిని చూశానో. బాధ, అస్థిమితం అనుకున్నాను. జీవితమంతా నిశ్శబ్దాన్ని ప్రేమించిన మనిషి, ఇంత గోలలో పోతోంది, అడ్డుచెప్పే ఓపిక కూడా లేదు అనిపించి నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

పాట మధ్యలోనే లేచాను. వార్డులో వాడే గొంతు బయటికొచ్చింది. "పేషెంటుకి రెస్టు కావాలండీ. ఇక చాలు, వెళ్ళండి" అన్నాను. కంజిర ఠక్కున ఆగింది. వాళ్ళు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. పట్నం నుంచి వచ్చిన నర్సమ్మ చెప్పింది కదా. అలాగేనండీ అని, క్యారేజీలు తీసుకుని, చప్పుడు కాకుండా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. యోహానుగారు గుమ్మంలోంచి తప్పుకుని వాళ్ళకి దారిచ్చాడు. నేను తలుపు వేశాను, కిటికీ వేశాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. దుప్పటి మీద ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. హమ్మయ్య, శాంతించింది అనుకున్నాను. మంచం పక్కన కూర్చుని, ఆవిడ నాకు నేర్పిందే ఆవిడకి తిరిగిస్తున్నానన్న తృప్తితో కళ్ళు మూసుకున్నాను. అంత హాయిగా నేను ఎన్నడూ ప్రార్థనలో కూర్చోలేదు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచింది. గదంతా చూసింది.

"వాళ్ళేరి?"

"పంపించేశానండీ. మీకు ప్రశాంతంగా ఉంటుందని."

ఆవిడ నన్ను అలాగే చూస్తూ ఉండిపోయింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. "పాట సగంలో ఉందమ్మా" అంది. ఆయాసం వచ్చి ఆగింది. "తాళం వేస్తున్నాను" అంది మళ్ళీ, తన వేళ్ళ వైపు చూసుకుంటూ.

పిలుచుకొస్తానండీ అని లేచాను. తలుపు తీసుకుని రోడ్డు మీదకి పరిగెత్తాను. వాళ్ళంతా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, ట్రాక్టరెక్కి ఎప్పుడో వెళ్ళిపోయారు. తిరిగొచ్చి, రేపొస్తారులెండి అన్నాను. అలాగే అన్నట్టు తలాడించింది. "నేనెప్పుడూ తలుపేసుకుని కూర్చోలేదు కదమ్మా" అంది. తప్పు పట్టినట్టు కాదు, నాకు గుర్తులేదేమోనని గుర్తుచేసినట్టు. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసింది. ఓదార్పు ఆవిడకి కావలసిన సమయంలో ఆవిడే నన్ను ఓదారుస్తోంది. నేనైనా పాడదామంటే నాకు ఆ పాటలు ఒక్కటీ రావు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడ పాటల్లో ఒక్కటైనా నేర్చుకోవాలని నాకు తోచలేదు. తెల్లవారుతుండగా, ఆ గది నిశ్శబ్దంలో, నా వేళ్ళ కింద ఆవిడ నాడి ఆగిపోయింది. ఈసారి అది నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ సాయంత్రమే సమాధుల తోటకి తీసుకెళ్ళారు. ఆ రోజు చాలా తోటల్లో కోతలు ఆగిపోయాయట, అంతమంది వచ్చారు. పాస్టరుగారు వాక్యం చదివి ప్రార్థన చేశారు. మట్టి వేసే ముందు ఎవరైనా పాడతారని అందరూ చూస్తున్నారు. ఎవరూ ఎత్తుకోవట్లేదు. జనంలోంచి మరియమ్మ తప్పుకుంటూ తప్పుకుంటూ నా దగ్గరికొచ్చింది. కంజిర కొంగు కింద దాచుకుని ఉంది. బాగా గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు పాడొచ్చా అండీ?"

నేను తలూపాననుకుంటాను. మిగతావాళ్ళు చెప్పారు, ఊపలేదట, అక్కడే కూలబడిపోయానట. వాళ్ళు పాట ఎత్తుకున్నారు. మొదటి నుంచి కాదు, ముందురోజు నేను ఆపించిన చోటు నుంచి. మధ్యలోంచి మొదలైన ఆ పాటకి తలాతోకా నాకు తెలియలేదు. తక్కినవాళ్ళందరికీ తెలిసినట్టే ఉంది.

నాకు ఇప్పటికీ పాటలు రావు. సిస్టరుకి దొరికిన నిశ్శబ్దమూ నాకు పూర్తిగా దొరకలేదు. ఇంటిదగ్గర పీట తీసేశాను. పాప ఎక్కాలు పైకి చదువుతుంటే, గోడ అవతల రైలు వెళ్తుంటే, కూర తరుగుతూ కనిపెట్టుకుని ఉండటానికి ప్రయత్నిస్తాను. ఒక్కోరోజు కుదురుతుంది. చాలా రోజులు కుదరదు. ఐసీయూలో విజిటింగ్ టైములో ఒక తల్లి పెద్దగా దండకం చదువుతుంది, ఒక తండ్రి దువా చేస్తాడు, ఇంకొకరు స్తోత్రం స్తోత్రం అంటూ ఏడుస్తారు. కొత్తగా చేరిన అమ్మాయిలు, పంపించెయ్యమంటారా మేడం అన్నట్టు నా వైపు చూస్తారు. పక్క పేషెంట్ల ఇబ్బంది చూసుకోవాలి, రూల్సున్నాయి, అవన్నీ నాకు తెలుసు. అయినా ముందు వెళ్ళి ఆ మంచం మీది మనిషి వేళ్ళు చూస్తాను. అవి ఏం చెబుతున్నాయో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. తెలియదన్న సంగతి తెలుసు. అందుకని వాళ్ళ పక్కనే కాసేపు నిలబడతాను. ఇన్‌ఛార్జి మేడం వచ్చిందని వాళ్ళు బెదిరిపోయి గొంతు తగ్గిస్తారు. అది మాత్రం ఇప్పటికీ తట్టుకోలేను. కానివ్వండి, కానివ్వండి అని వాళ్ళని బతిమాలుకుంటాను.